ఉత్తరం సగం

ఆళ్లగడ్డ,
ఏప్రిల్ 18, 2025

కృపా,

డబ్బా మూత మీద "అడుగున చూడు" అని రాశాను కాబట్టి ఈ కాగితం నీ చేతికి వచ్చి ఉంటుంది. ఇక నుంచి నీతో నా మాటలన్నీ వడియాల అడుగునే, నీ జవాబు ఖాళీ డబ్బాలో. ఫోన్లో చెప్పుకుందామంటే నా ఎడమ చెవి పోయింది, కుడిది పోవడానికి మూట సర్దుకుంటోంది. స్పీకరు పెట్టకపోతే నాకు వినపడదు, పెడితే వీధి చివరి దాకా వినపడుతుంది. మా పవన్ సిమెంటు ఫ్యాక్టరీకి పోతూ మీ గుమ్మంలో డబ్బా పెట్టి పోయేవాడే గానీ, మూత తీసి చూసే రకం కాదు. చూసినా వడియాలు నోట్లో వేసుకుంటాడు, కాగితాలు చదవడు.

సంగతి చెబుతాను. నా కోడలు మిద్దె మీద సోలారు పలకలు పెట్టిస్తుందంట. భానుప్రియ మా ఇంటికొచ్చి రెండేళ్లు కాలేదు. వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఎక్కడెక్కడి పిల్లలకో లెక్కలు చెబుతుంది. ఆ గది సంగతి నిజమే, మధ్యాహ్నం గోడ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. ఏసీ వేస్తే కరెంటు బిల్లు చూసి పవన్ గొణుగుతాడు, ఆపితే ఆ పిల్ల ఉడికిపోతుంది. దానికి నేను కాదనను. కానీ నా ముందుకొచ్చి ఏమన్నదో తెలుసా? "అత్తా, మన ఊర్లో ఎండంతా ఉత్తగా పోతాంది. పట్టుకుంటే కరెంటు మనదే" అంది.

ఉత్తగా పోతోందంట! ముప్పై ఏళ్లుగా ఆ ఎండను నేను ఒక్క పూట ఉత్తగా పోనిచ్చానా? పాత చీరలు పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, కాకుల్ని తోలుకుంటూ ఆ మిద్దె మీద నేను పెట్టిన వడియాలు నంద్యాలలో ఎన్ని ఇళ్లకు పోయాయో నీకే తెలుసు, పంచిపెట్టేది నువ్వే కాబట్టి. ఎండాకాలం వడియాలు ఏ ఇల్లాలైనా పెడుతుంది. నా పేరు చెప్పి జనం అడిగేది చలికాలం గుమ్మడి వడియాలు. కార్తీకం దాటితే ఎండ పలచన. గుమ్మడి వడియం లోపలి దాకా ఎండాలంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని మీద నీడ పడకూడదు. మొదటి రోజే నీడ పడితే లోపల పులుస్తుంది, నల్లబడుతుంది. ఆ మిద్దె పోతే నాకు గుమ్మడి వడియాలు లేవు. అవి లేకపోతే ఈ ఇంట్లో నేనెవరు? ఏరి పెట్టిన కూర తరిగిచ్చే మనిషిని, అంతే.

మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు. ఓబులేసు తల ఎవరేం చెప్పినా ఊగడానికే ఉంది. ఈ సోలారు పిచ్చి నా కోడలి నెత్తికి ఎవరు ఎక్కించారో తెలిస్తే వాళ్ల పని చెబుతాను.

నీ వీరి


నంద్యాల,
ఏప్రిల్ 27

వీరమ్మా,

నీ కోపం వడియాలకు కూడా పట్టినట్టుంది, ఈసారి కారం ఎక్కువైంది. పక్కింటి వాళ్లు బాగున్నాయన్నారులే.

ఇక్కడ బడికి సెలవులిచ్చారు. నాకు మాత్రం పదో తరగతి తప్పిన పిల్లలకు సైన్సు చెప్పే పని ఉంది. పొద్దున పదికే రోడ్డు మీద మనిషి కనపడటం లేదు. మా మిద్దె మీద పోయిన ఏడాది ప్యానెళ్లు పెట్టించిన సంగతి నీకు తెలుసు. వాటి వల్ల బిల్లు తగ్గడం ఒకటి, వాటి కింద కప్పు మీద ఎండ పడక ఇల్లు చల్లబడటం ఒకటి. రెండోదాన్ని ముందు నేనూ నమ్మలేదు. ఇప్పుడు మధ్యాహ్నం ఒక గంట కునుకు పడుతోంది, దేవుడికి స్తోత్రం.

నీ మిద్దె అంతా తీసుకుంటారని నీకు ఎవరు చెప్పారు? ఆ పిల్లను అడిగావా? అడగవు. నువ్వు తొమ్మిదో తరగతిలో కూడా అంతే. నీ జామెట్రీ బాక్సు నేనే తీశానని నెల రోజులు నాతో మాట్లాడలేదు, అది నీ సంచి అడుగునే ఉండింది. ముందు అడుగు. తర్వాత కోప్పడు.

ఎవరు ఎక్కించారు అన్న దాని గురించి ఇంకోసారి రాస్తాను. ఇప్పుడు పిల్లలు వచ్చే వేళైంది.

కృపావరం


ఆళ్లగడ్డ,
మే 16

కృపా,

నువ్వు చెప్పినట్టు అడగలేదు. అడగకుండానే తెలిసింది.

మొన్న పలకలు పెట్టే అతను వచ్చాడు. చూస్తే మీ అక్క కొడుకు రూబెన్! నాకు ఒక మాట చెప్పలేదేం? నిండు మధ్యాహ్నం, పన్నెండు గంటలు, చెప్పులు లేకుండా మిద్దె మీద కాలు పెట్టలేం. ఒక టేపు పట్టుకుని కొలిచాడు, ఫోనును ఆకాశం వైపు ఎత్తి ఏదో చూశాడు. నేను వాళ్లకు మజ్జిగ తెద్దామని కిందికి దిగాను. చెంబు తీసుకుని తిరిగి ఎక్కేసరికి భానుప్రియ చేతిలో ముగ్గుపిండి ఉంది. మిద్దెకు అడ్డంగా, తూర్పు నుంచి పడమటికి, గీత గీసింది. "ఈ గీతకు దక్షిణం పక్కన పెట్టన్నా. ఉత్తరం సగం మా అత్తది. ఆడికి ఒక్క తీగ కూడా పోవద్దు" అంటోంది.

చెంబు పట్టుకుని మెట్ల మీదే నిలబడిపోయాను. నెల రోజులుగా ఆ పిల్లను మనసులో ఎన్ని అన్నానో! మజ్జిగ ఇంకో గ్లాసు ఎక్కువ పోశాను దానికి.

ఇప్పుడు రాసేది నీకొక్కదానికే. చదివి పొయ్యిలో వెయ్యి. ఆ దక్షిణం సగం పనికిరాదు.

మూడేళ్ల కింద మా దక్షిణం పక్కింటి అంకమ్మ వాళ్లు పైన గది కట్టారు కదా, దాని మీద ట్యాంకు. ఇప్పుడు మే నెలలో సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి ఒరిగి ఉంటాడు, ఆ గోడ నీడ వాళ్ల మిద్దె మీదే పడుతుంది. మా రెండు సగాలూ పెనం లాగా కాలుతున్నాయి. దీపావళి పోనీ, అప్పుడు చూడు. పన్నెండింటికి ఆ నీడ మా పిట్టగోడ దిగుతుంది, రెండింటికల్లా దక్షిణం సగం మొత్తం మింగేస్తుంది. మాఘం దాకా అంతే. అందుకే గదా నేను ఉత్తరం సగానికి మారింది. రూబెన్ వచ్చింది ఎండాకాలంలో. ఎండాకాలంలో ఆ గోడకు నీడే లేదు. అతను కొలిచిన కొలతలన్నీ సరైనవే, నెల ఒక్కటే తప్పు.

నేను చెప్పలేదు కృపా. నోటి దాకా వచ్చింది. చెబితే "అట్లయితే ఉత్తరం సగంలో పెడదాం" అంటారు. అప్పుడు నా గుమ్మడి వడియాలు అంతటితో సరి. ఆ పిల్ల నాకు వదిలిపెట్టింది నాకు కావాల్సిన సగాన్నే. తీసుకుని ఊరుకున్నాను. మూడు నెలలు కరెంటు కాస్త తగ్గితే ఎవరి కొంప మునుగుతుంది?

వీరి


నంద్యాల,
మే 22

వీరమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, పొయ్యిలో వేశాను. ఇప్పుడు నా వంతు.

భానుప్రియ నెత్తికి ఎక్కించింది నేనే. ఫిబ్రవరిలో పవన్‌కు జ్వరమొచ్చి ఆ పిల్ల డబ్బా తెచ్చింది గుర్తుందా? మధ్యాహ్నం వేళ, బస్సుకు ఇంకా టైముందని మిద్దె మీదికి తీసుకెళ్లాను. ప్యానెళ్ల కింద కూర్చుని అరచెయ్యి మిద్దె నేలకు ఆనించి చూసింది. "ఆంటీ, ఈడ ఎంత చల్లగుంది. మా గది ఇట్లుంటే నేను రెండు క్లాసులు ఎక్కువ చెప్పుకుంటా" అంది. రూబెన్ నంబరు ఇచ్చింది నేనే. నీకు చెబితే నాతో మాట మానేస్తావని దాచాను. జామెట్రీ బాక్సు నేను తీయలేదు గానీ, ఇది నేనే చేశాను. కావాలంటే నెల రోజులు మాట్లాడొద్దు.

కానీ ఇంకోటి విను. రూబెన్ మా అక్క పోయిన తర్వాత నా చేతుల్లో పెరిగినవాడు. ఈ పని మొదలుపెట్టి రెండేళ్లు. ఆళ్లగడ్డలో వాడికి మీదే మొదటి ఇల్లు. నేను సైన్సు టీచర్ని, వాడికి భూమి వంపు గురించి చిన్నప్పుడే చెప్పాను, అయినా ఎండాకాలం నీడ చూసి ఏడాది నీడ అనుకున్నాడంటే నాకే సిగ్గుగా ఉంది. ఫోను తీసి ఒక్క మాట చెబితే రేపే సరిచేసుకుంటాడు.

చెప్పను. ఆ మాట నువ్వు నాకిచ్చింది, నేను ఇంకొకరికి ఇవ్వను. చెప్పాల్సింది నువ్వే. ఆ పిల్ల నీ సగం ముట్టుకోవద్దని గీత గీసింది వీరీ. ఆ గీత చూసి కూడా ఊరుకుంటే నీకు రాత్రి అన్నం ఎలా దిగుతుంది?

కృపావరం


ఆళ్లగడ్డ,
జూన్ 28

సైన్సు టీచరమ్మకు,

నెల రోజులు మాట్లాడొద్దన్నావు, ముప్పై ఏడు రోజులైంది. లెక్క ఎక్కువే ఇచ్చాను.

నీ మీద కోపం మొదటి వారం బాగా ఉండింది. రెండో వారం మీ ఇంటికి పోవాల్సిన మినప వడియాలు కూడా వేరేవాళ్లకు ఇచ్చేద్దామనుకున్నాను. తర్వాత తగ్గిపోయింది. నీతో తప్ప ఈ మాటలు ఎవరితో చెప్పుకోను?

పలకలు పెట్టారు. ఆరు. కప్పుకు బోల్టులు దిగ్గొట్టకుండా సిమెంటు దిమ్మెలు పోసి వాటి మీద నిలబెట్టాడు మీ రూబెన్. పని శుభ్రంగా చేశాడు, తీగ ముక్క కూడా కింద వదల్లేదు. వెనక గది నిజంగానే చల్లబడింది. నేను కూడా మధ్యాహ్నం ఆ గదిలో ఒక పక్క నడుం వాలుస్తున్నాను. భానుప్రియ పిల్లలకు లెక్కలు చెబుతూ ఉంటే వినపడీ వినపడక నిద్ర పడుతుంది.

ఎల్లుండి చెబుదామనుకున్నా. అట్లాంటి ఎల్లుండ్లు మూడు పోయాయి.

వీరి


నంద్యాల,
జూలై 13

వీరమ్మా,

నీ ఉత్తరంలో ఉత్తరం సంగతి తప్ప అన్నీ ఉన్నాయి. వడియాలు అందాయి. కారం సరిపోయింది.

కృపావరం


ఆళ్లగడ్డ,
సెప్టెంబరు 14

కృపా,

నువ్వు రెండు ముక్కలు రాస్తే నాకు రెండు రోజులు పని పాడవుతుంది. నాలుగు ముక్కలు రాసినా నయం.

మా వంటింట్లో క్యాలెండరు ఉంది చూడు, పాలవాడి లెక్క రాసుకునేది. ఇప్పుడు పాలు లేవు దాంట్లో. తారీకు తారీకుకూ భానుప్రియ కరెంటు యూనిట్లు రాస్తుంది. సాయంత్రం ఫోను చూసుకుని, "అత్తా, ఈపొద్దు పన్నెండు!" అని అరుస్తుంది, నాకు వినపడాలని. మబ్బు పట్టిన రోజు ఐదు, ఆరు అని మొహం వేలాడేస్తుంది. అది ఈ ఇంటికొచ్చాక తనకు తానుగా అనుకుని, తిరిగి, కాగితాలు పెట్టి చేసుకున్న పని ఇదొక్కటే. పవన్ ఫ్యాక్టరీలో అందరికీ చెప్పుకుంటున్నాడు. మా ఆయన కూడా ఎవరొచ్చినా మిద్దెక్కించి చూపిస్తున్నాడు, అన్నీ తనే బిగించినట్టు.

నేను ఆ క్యాలెండరు వైపు చూడటం మానేశాను. అక్టోబరు కాగితం తిప్పితే దీపావళి ఎర్రగా కనపడుతోంది. ఆ తర్వాత ఆ అంకెలు ఎట్లా దిగుతాయో నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు. ఇంత బాగా తెలిసిన సంగతి ఇంత బరువుగా ఉంటుందని నాకు తెలియదు.

మూడు నెలలే కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను. నువ్వు కూడా ఆ మాట అనకూడదా?

వీరి


నంద్యాల,
నవంబరు 10

వీరమ్మా,

ఆ మాట నేను అనను. ఈసారి నాలుగు ముక్కలు కాదు, ఎక్కువే రాస్తున్నాను. కోపంగా ఉన్నాను, ముందే చెబుతున్నా.

నిన్న ఆదివారం ప్రార్థన అయ్యాక రూబెన్ మా ఇంటికి భోజనానికి వచ్చాడు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాడు. ఏందిరా అంటే చెప్పడు. గట్టిగా అడిగితే బయటపెట్టాడు. మీ మిద్దె మీద యూనిట్లు సగానికి పడిపోయాయంట. పవన్ ఫోన్ చేసి, నాసి రకం పలకలు అంటగట్టావని అన్నాడంట. అక్కడితో ఆగలేదు. ఫ్యాక్టరీలో ఇద్దరు ఇళ్లకు పెట్టించుకుందామని రూబెన్‌తో మాట్లాడుకున్నారు. పవన్ మాట విని ఆ ఇద్దరూ వద్దన్నారు.

"నీడ చూసుకోలేదా?" అని అడిగాను వాడిని. అంతకంటే ఎక్కువ అడిగితే నీ మాట బయటపడుతుందని ఆగాను. వాడు తల ఎత్తలేదు. "పని నాది చిన్నమ్మా. మాట పడితే పడతా" అన్నాడు. అంతే. చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

నీ కోసం ఆరు నెలలు నోరు మూసుకున్నాను. నా బిడ్డ లాంటివాడు చేయని తప్పుకు... చేశాడులే, నీడ చూసుకోలేదు, అయినా నువ్వొక్క మాట చెప్పి ఉంటే వాడికి ఈ పేరు వచ్చేదా? మూడు నెలల కరెంటు అన్నావు. ఇది కరెంటుతో ఆగలేదు వీరీ.

వాడి కోసం కూడా నేను చెప్పను. ఇచ్చిన మాట తప్పను. కానీ నీ గుమ్మడి వడియాలు ఈ ఏడు నా గుమ్మంలోకి పంపొద్దు. నేను ఎవరికీ పంచను.

కృపావరం


ఆళ్లగడ్డ,
నవంబరు 24

కృపా,

చెప్పేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, మధ్యలో కోప్పడకుండా చివరిదాకా చదువు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు ఇంట్లో రెండు బూడిద గుమ్మడికాయలు ఉన్నాయి. వాటిని కొయ్యలేదు. పది రోజులు చూస్తూ కూర్చున్నాను. భానుప్రియ రోజూ మధ్యాహ్నం క్లాసు అయిపోగానే బకెట్టు, గుడ్డ తీసుకుని మిద్దెక్కుతుంది. "దుమ్ము పడి యూనిట్లు తగ్గినాయి" అని పవన్‌తో అంటుంది, రుద్ది రుద్ది కడుగుతుంది. క్యాలెండరులో ఆరు, ఏడు, ఆరు. ఇప్పుడు అరిచి చెప్పడం లేదు, రాసి ఊరుకుంటుంది.

నిన్న దాని వెనకే ఎక్కాను. రెండు గంటలు. అంకమ్మ వాళ్ల గోడ నీడ పలకల మీద నల్లటి దుప్పటి కప్పినట్టు పరుచుకుని ఉంది. ఉత్తరం సగంలో ఎండ కళ్లు చెదిరేట్టు కాస్తోంది, అక్కడ ఒక్క చీర కూడా పరిచి లేదు. ఆ పిల్ల నీడలో నిలబడి అద్దాలు తుడుస్తోంది. చూడలేకపోయాను.

"భానూ, తుడిచింది చాలు. దుమ్ము కాదు" అన్నాను.

గుడ్డ పిండుతూ నా వైపు చూసింది. "తెలుసత్తా" అంది.

నా కుడి చెవి కూడా పోయిందేమో అనుకున్నాను. ఏం తెలుసే అన్నాను.

"నీడ సంగతి. రూబెన్ అన్న ఆ పొద్దే చెప్పినాడు. నువ్వు మజ్జిగకు పోయినప్పుడు. ఏడాదంతా ఎండ యాడ పడతాదో ఫోన్లో చూపిచ్చినాడు. కార్తీకం నుంచి ఈ పక్క నీడ వస్తాది, ఉత్తరం పక్కన పెడదాం అన్యాడు. నేనే వద్దన్యా."

"ఎందుకు?"

"ఆడ నీ వడియాలు గదా."

అంత మామూలుగా చెప్పింది కృపా, ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినట్టు.

మరి ఈ తుడుపు ఎందుకు అంటే, "ఆయన అడుగుతాండాడు గదా. నీడని చెప్తే నీ సగం తీసుకుందాం అంటాడు. దుమ్మంటే ఊరుకుంటాడు" అంది. ఎవరికీ చెప్పొద్దని రూబెన్ దగ్గర మాట తీసుకుందంట. పవన్ అతన్ని తిట్టినాడని దానికి మొన్ననే తెలిసిందంట, అప్పటి నుంచి ఎట్లా సర్దాలో తోచక నలుగుతోందంట.

నాకు ఏడుపు వచ్చింది, దాన్నట్లా ఉంచు, సిగ్గేసింది. ఈ ఆరు నెలలు నేను దాన్ని మోసం చేస్తున్నానని కుమిలిపోతున్నా. అది నా ఎండను కాపాడుతూ కూర్చుంది. దాని ముందు నేను దాచిందీ చెప్పేశాను. నాకు ముందే తెలుసు, నా వడియాల కోసం నోరు మూసుకున్నాను అన్నాను. దానికి ఏమందో చూడు. "ముప్పై ఏండ్లు ఈ ఎండలోనే ఉన్నావు. నీకు తెలియకుండా ఉంటాదా అత్తా? ఒకనాడు నువ్వే చెప్తావులే అనుకున్యా."

తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం పవన్ రాగానే కూర్చోబెట్టి అంతా చెప్పాను. తప్పు నాది అన్నాను. రూబెన్‌కు నా ఎదురుగానే ఫోన్ చేయించాను, స్పీకరు పెట్టించి మరీ. పవన్ అతన్ని క్షమించమన్నాడు. ఫ్యాక్టరీలో ఆ ఇద్దరి దగ్గరికీ తనే పోయి చెబుతానన్నాడు. వాడు చెప్పకపోతే నేను పోతాను ఫ్యాక్టరీ గేటు దాకా.

పలకలు ఉత్తరానికి మారుద్దామని ఆ రాత్రి అన్నం దగ్గర అన్నాను. భానుప్రియ ఒప్పుకోలేదు. "గీత గీసినా. చెరపను" అంది. మొండిది. వచ్చే గురువారం కాదు, ఆ పై గురువారం చాగలమర్రిలో వాళ్ల అక్క బిడ్డకు పేరు పెడుతున్నారు, వారం రోజులు ఉంటుంది. రూబెన్‌ను అప్పుడు పంపు. ఆ పిల్లకు మాత్రం తెలియకూడదు. ఇన్ని దాచాను, ఇంకొక్కటి దాస్తాను.

నా గుమ్మడి వడియాలు నీ గుమ్మంలోకి రావు. పంపొద్దన్నావు, నేను పెట్టనూ లేదు.

వీరి


నంద్యాల,
డిసెంబరు 1

వీరీ,

చివరిదాకా కోప్పడకుండా చదివాను. తర్వాత నా మీద నేను కోప్పడ్డాను.

రూబెన్‌ను పిలిపించి అడిగాను. "నాకైనా చెప్పకూడదారా?" అంటే, "ఆయమ్మ చెప్పొద్దనింది చిన్నమ్మా. పని చేయించుకునేది ఆయమ్మ" అన్నాడు. నేను వాడికి భూమి వంపు రాలేదని మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో! నా శిష్యుడికి అన్నీ వచ్చు, నాకే మనుషుల లెక్క రాలేదు. వాడికి ఇష్టమైన చేపల పులుసు చేసి పెట్టాను. రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఫ్యాక్టరీ వాళ్లిద్దరిలో ఒకతను మళ్లీ ఫోన్ చేశాడంట. రెండో అతను ఇంకా చేయలేదు. చూద్దాం.

గురువారం మధ్యాహ్నం భానుప్రియ బస్సెక్కిందని నువ్వు చెప్పించగానే వాడు ఇద్దరు మనుషులతో వస్తాడు. దిమ్మెల మీద ఉన్నవి కాబట్టి ఒక్క రోజు పని అంటున్నాడు.

వడియాలు పంపొద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా మిద్దె మీద సగం ఖాళీ ఉంది. వచ్చి నాలుగు రోజులు ఉండి పెట్టుకో. కాకుల్ని నేను తోలుతాను.

కృప


ఆళ్లగడ్డ,
డిసెంబరు 14

కృపా,

డబ్బా తేలిగ్గా ఉందని పవన్ ఊపి చూశాడు. "ఏందిమా, ఖాళీది పంపుతాండావ్?" అన్నాడు. ఉత్తరం ఉందని చెప్పేశాను. ఇక వాడికి తెలిస్తే ఏం!

మీ ఇంటికి వస్తాను గానీ ఈ ఏడు కాదు. ఈ ఏడు గుమ్మడి వడియాలు లేవని అడిగిన వాళ్లందరికీ చెప్పు. ఎందుకు లేవంటే, వీరమ్మ మానుకుంది అని చెప్పు. నేను నోరు మూసుకున్నందుకు రూబెన్ ఒక నెల మాట పడ్డాడు. ఒక ఏడాది వడియాలు నాకు ఎక్కువేం కాదు. ఆ రెండు కాయలూ కోసి పులుసు పెట్టేశాను.

రూబెన్ శుక్రవారం పొద్దున మొదలుపెట్టి దీపాల వేళకు ముగించాడు. నేను దగ్గరుండి చూపించాను, ఏ నెలలో ట్యాంకు నీడ కొస ఎక్కడిదాకా వస్తుందో. తన ఫోన్లో చూసుకుని, "పెద్దమ్మా, నువ్వు చెప్పేదీ ఇదీ ఒకటే" అని నవ్వాడు. ముగ్గుపిండి గీత వానలకు ఎప్పుడో పోయింది, అయినా పలకలు ఆ చోటు దాటుతుంటే నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. దాచను నీ దగ్గర. ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు.

భానుప్రియ చాగలమర్రిలో ఉన్నా ఫోన్లో యూనిట్లు చూసుకోవడం మానదని నాకు తట్టలేదు. శనివారం సాయంత్రం పదకొండు చూసిందంట. వారం ఉంటానన్న పిల్ల ఆదివారం పదింటి బస్సుకే వచ్చేసింది. సంచి కూడా కింద పెట్టకుండా మిద్దెక్కింది. నేను పైనే ఉన్నాను, దిమ్మెలు తీసిన చోట చెత్త ఊడుస్తూ.

ఉత్తరం సగం నిండా పలకలు. వాటి మీద నిండా ఎండ. చూస్తూ నిలబడింది.

"ఎవరు మార్చమన్యారు?" అంది.

"మిద్దె నాది. నా ఇష్టం" అన్నాను.

"మరి నీ వడియాలు?"

"ఎండాకాలం ఈ పక్క పెడతా. చలికాలం పెట్టను. ముప్పై ఏండ్లు పెట్టినా, చాలదా?"

సంచి అక్కడే పడేసి నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పక్క మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న అంకమ్మ ఏం జరిగిందోనని తొంగి చూసింది. ఏమీ లేదు, నీ గోడ నీడ చల్లగా ఉందని ఏడుస్తున్నాం అన్నాను. ఆమెకు అర్థం కాలేదు, పాపం.

తర్వాత ఇద్దరం ఆ దక్షిణం సగంలో, గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చున్నాం. భానుప్రియ వాళ్ల అక్క బిడ్డకు పెట్టిన పేరు చెప్పింది, వర్షిణి అంట. రెండుసార్లు చెప్పించుకున్నాను, బాగా వినాలని. ముప్పై ఏళ్లుగా ఎక్కి దిగుతున్న ఆ మిద్దె మీద ఏ పనీ లేకుండా కూర్చోవడం నాకు అదే మొదటిసారి కృపా. దిగాలనిపించలేదు.

వీరి